తొమ్మిదో నెలలో నా తుమ్ముల లెక్క

తెలివితక్కువ పనులు నేను చాలానే చేశాను. కానీ ఇద్దరు వియ్యపురాళ్ళనూ, వాళ్ళ మధ్య నన్నూ ఒకే కారులో కుక్కి ఆస్పత్రికి పరుగెత్తించిన ఘనత మాత్రం ఒక్కదానికే దక్కింది. అది ముక్కుతో చేసిన పని. ఇప్పుడు చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు మాత్రం మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఏడో నెలలో మూసుకున్న నా ముక్కు మళ్ళీ సరిగ్గా తెరుచుకోలేదు. పొద్దున ఒక రంధ్రం, సాయంత్రం ఇంకొకటి వంతులు వేసుకొని పనిచేసేవి. మధ్యాహ్నం రెండింటికీ సెలవు. దానికి తోడు కడుపులోని బిడ్డ నా పక్కటెముకల కింద కాళ్ళు బారజాపుకోవడంతో, లోపలికి పోయిన ఊపిరి గొంతు దాకా వచ్చి చోటు లేదని వెనక్కి తిరిగేది. నంద్యాలలో మా అత్తగారింటి హాలు నుంచి వంటింటికి నడిస్తే చాలు, తలుపు పట్టుకొని ఆయాసపడేదాన్ని. అత్తమ్మ వాము వేయించి మూటగట్టి వాసన చూపించేది, మిరియాల పాలు తాగించేది. మంచి మనిషే. కానీ నాకు అమ్మ కావాలి. ఎందుకని అడక్కండి. తొమ్మిదో నెలలో, నోటితో గాలి పీలుస్తూ మూడు దిండ్లకు ఆనుకొని కూర్చున్న ఆడదానికి అమ్మే కావాలి, అంతే.

అమ్మ ఉండేది ఆళ్ళగడ్డలో, కారులో గంట ప్రయాణం. నన్ను కాన్పుకు తీసుకుపోవడానికి ఒక గురువారం అమ్మా నాయనా వచ్చారు. అత్తమ్మ షరతు ఒకటే: ఒంటిగంటన్నరకు రాహుకాలం, ఆలోపు గడప దాటాలి. దాటకపోతే ఇక ఈ నెలలో మంచిరోజు లేదు, పై నెల శూన్యమాసం, కాన్పు నంద్యాలలోనే.

పన్నెండు గంటలకు ఒడి నింపి, బొట్టు పెట్టి, కుడికాలు ముందు పెట్టమన్నారు. పెట్టాను. తుమ్మాను.

ఒకే ఒక్క తుమ్ము. బయల్దేరేటప్పుడు రెండు తుమ్ములు వరసగా వస్తే మంచిదట, ఒక్కటే వస్తే చెడ్డదట. అత్తమ్మ నన్ను వెనక్కి పిలిచింది.

"ఒంటి తుమ్ము. కూచో. నీళ్ళు తాగి పోదువులే."

తాగాను, పావుగంట కూర్చున్నాను, మళ్ళీ లేచాను. గడప దగ్గర మళ్ళీ ఒక్కటే. రెండు నెలలుగా డ్యూటీకి రాని ముక్కు సరిగ్గా గడప మీదే హాజరు వేయించుకుంటోంది. అమ్మ ముఖం వాడిపోయింది. ఇందాకటిదీ ఇప్పటిదీ కలిపితే రెండయ్యాయి కదా అని నాయన ఏదో లెక్క చెప్పబోయాడు. ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి ఆయన వైపు చూశారు. ఆయన కారు అద్దాలు తుడవడానికి వెళ్ళిపోయాడు.

మూడోసారికి నేను సిద్ధంగా ఉన్నాను. తుమ్ము రాగానే దాని వెనకే సొంతంగా ఇంకొకటి తగిలించాను.

"అది తుమ్ము కాదు," అంది అత్తమ్మ.

"ఎందుకు కాదత్తా?"

"తుమ్మంటే ముక్కులోంచి రావాల. నువ్వు నోట్లోంచి అరిచినావు."

ఒంటిగంట దాటింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆడుతున్న ఆ కాస్త ఊపిరీ ఆగిపోతుందని ఆపుకున్నాను. అప్పుడు వెలిగింది నా బుర్ర. రెండో తుమ్ము దానంతటది రాకపోతే మనమే రప్పిద్దాం. నీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళి, పాలలో కలపడానికి అత్తమ్మ కొట్టిపెట్టిన మిరియాల పొడి వేలికి అద్ది ముక్కులో పెట్టుకున్నాను. ఏమీ కాలేదు. ఇంకొంచెం పెట్టాను. అసలు పెట్టినట్టే తెలియలేదు. మూసుకుపోయిన ముక్కుకు ఘాటు ఆలస్యంగా తెలుస్తుందన్న ఇంగితం లేక, రెండో రంధ్రానికీ అన్యాయం చేయకూడదని దానికీ ధారాళంగా పెట్టాను.

"యాడ పోయినావే? టైమవుతాంది," అని అమ్మ కేక వేసింది.

గడప దాకా వెళ్ళాను. అప్పుడు అందింది ఘాటు, పెట్టిందంతా కలిసి. తుమ్ము మీద తుమ్ము. కళ్ళు కనపడలేదు, ఊపిరి అందలేదు. ఇటు అత్తమ్మ, అటు అమ్మ నన్ను పట్టుకొని గట్టిగా లెక్కపెడుతున్నారు. తుమ్ములు ఆగేసరికి అత్తమ్మ లెక్కలో పదమూడు, అమ్మ లెక్కలో పద్నాలుగు. వాదన మొదలైంది. మీవైపు లెక్కలెప్పుడూ ఇంతేనని ఒకరు, మీరు మొదటిది వదిలేశారని ఇంకొకరు. ఆ గొడవలో నేను కిందికి చూసుకున్నాను. చీర తడిసింది, గడప తడిసింది.

"అమ్మా, నీళ్ళు పోతాండాయి."

ఇక ఎవరికీ పదమూడూ లేదు, పద్నాలుగూ లేదు. గడియారం ఒంటిగంట నలభై చూపిస్తోంది, నిక్షేపంలాంటి రాహుకాలం. అందరికంటే ముందు గడప దాటింది అత్తమ్మే, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా.

నంద్యాలలో నన్ను చూసే డాక్టరమ్మ తలుపు మూసి పరీక్ష చేసింది. బిడ్డకేమీ కాలేదు కదా అని అడిగాను. ఆమె చేతులు కడుక్కొని తీరుబడిగా చెప్పింది.

"బిడ్డ బాగుంది. అది ఉమ్మనీరు కాదమ్మా. నెలలు నిండినాక గట్టిగా తుమ్మితే చాలామందికి అట్లా అవుతుంది. సిగ్గుపడొద్దు. ఇంతకీ ముక్కులో ఆ నల్లదేంది?"

చెప్పాను. నవ్వాపుకోలేక ఆమె కాసేపు కిటికీ వైపు తిరిగింది. తర్వాత, కాన్పయ్యాక ముక్కు దానంతటదే తెరుచుకుంటుందనీ, తల ఎత్తుగా పెట్టుకొని పడుకోమనీ, ఆవిరి పట్టమనీ చెప్పింది. ఆళ్ళగడ్డకు ఈ రోజే వెళ్ళొచ్చనీ, మిరియాలు మాత్రం పాలలోనే వాడమనీ చెప్పి పంపింది.

బయటికొచ్చి ఇద్దరికీ సంగతి చెప్పాను. అమ్మ మెల్లగా అంది.

"వదినా, గడప ఎట్లాగూ దాటింది. ఇంటికి పోతే మళ్ళీ శకునం చూడాల. ఇట్నుంచిటే పోతాం."

అత్తమ్మ నా చీర వైపు చూసింది, ముక్కు వైపు చూసింది.

"తీసకపో వదినా. నా గడప మీద ఇంగేం మిగిల్చిందని."

ఆళ్ళగడ్డ దాకా అమ్మ ఒళ్ళో తల పెట్టుకొని, మిరియాల పుణ్యమా అని రెండు రంధ్రాలతోనూ ఊపిరి పీలుస్తూ పడుకున్నాను. ఆ దారిలోనే, పుట్టబోయే బిడ్డ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: దేవుడు ఎన్ని తుమ్ములిస్తే అన్నే తుమ్ముతాను, శుభం కోసం సొంతంగా ఒక్కటి కూడా కలపను. తప్పనిసరై కలపాల్సి వస్తే, ముందు బాత్రూముకు వెళ్ళొస్తాను.