బాబాయ్ రాసిన పడవవాడు

బాబాయ్ పోయారని పిన్ని ఫోన్ చేసేటప్పటికి నేను మా గ్యాస్ స్టేషన్‌లో కాఫీ మిషన్ కడుగుతున్నాను. "కాఫీ కలిపి తీసుకెళ్ళానురా, లేవలేదు" అంది. ఎవరో లాటరీ టికెట్ అడిగితే ఇచ్చి, చిల్లర ఇవ్వడం మరిచిపోయాను.

సాఫ్ట్‌వేర్ కంపెనీల ఊరైన మా రెడ్‌మండ్‌లో మనవాళ్ళు రిటైరయితే గుడి కమిటీలో చేరతారు, లేదా మనవళ్ళకు డైపర్లు మారుస్తారు. మా బాబాయ్ కౌబాయ్ నవల మొదలుపెట్టారు. అదీ తెలుగులో.

"ఎవరు చదువుతారు బాబాయ్?" అన్నాను.

"నువ్వు చదవవని తెలుసులే. ఇంటర్ తప్పినవాడివి, డ్రైవ్ చెయ్యి చాలు."

అలా ఆదివారాలు ఆయనకు డ్రైవర్నయ్యాను. కొండలు దాటగానే పచ్చదనం అయిపోయి ఎండుగడ్డి మొదలవుతుంది. అక్కడికి రాగానే బాబాయ్ అద్దం దించి, దూరాన లేచే దుమ్మును చూస్తూ ఉండిపోయేవారు. అందులో గుర్రాలున్నాయనేవారు. కాసేపటికి నాకూ కనిపించేవి. ఏ చోటు గురించి రాయాలన్నా ముందు అక్కడ కూర్చుని పిన్ని కట్టిచ్చిన పులిహోర తినాలి. "తిన్న చోటు మరిచిపోమురా" అనేవారు. ఒకసారి ఆయన టోపీలో రబ్బరు పాము పెట్టాను. కేకైనా వెయ్యలేదు. తర్వాతి అధ్యాయంలో విలన్‌కు నా పొట్ట, నా నోరు వచ్చాయి.

మొదటి అధ్యాయం కార్లోనే చదివి వినిపించారు. కౌబాయ్‌లంతా బూట్లు గుమ్మం బయట విడిచి సారా సెలూన్లోకి వెళ్తున్నారు.

"వాళ్ళు తాగడానికొచ్చారా, సత్యనారాయణ వ్రతానికొచ్చారా?" అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ వాక్యం కొట్టేశారు.

నవలకు అసలు కథ కొలంబియా నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో దొరికింది. అక్కడి మ్యూజియం నడిపే ముసలావిడ చెప్పింది. వెనకటికి గని కార్మికుల బంగారం సంచీతో సహా రేవు పడవవాడు మాయమయ్యాడట. గుడిసె గుమ్మం ముందు అతని బూట్లు మాత్రం మిగిలాయి. మునిగిపోయాడని నమ్మించడానికే వదిలాడని ఊరంతా దొంగ అంది, ఇప్పటికీ అంటోంది.

బాబాయ్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "నమ్మించాలంటే నీళ్ళ పక్కన వదులుతాడురా. గుమ్మం ముందు విడిచాడంటే ఇంట్లోకెళ్ళాడు."

"మన ఊరివాడనుకున్నారా?"

"ఊరంతా దొంగన్నవాణ్ణి నేనూ దొంగంటే, వాడికింక దిక్కెవరురా?"

అప్పటికే ఆయన ఊపిరితిత్తులు మొరాయిస్తున్నాయి, కార్లో ఆక్సిజన్ సిలిండర్ ఉండేది. ఆ పడవవాడి సంగతి తేల్చకుండా పోతానేమోనన్నదే ఆయన భయం.

"వాణ్ణెక్కడికి పంపమంటావురా?"

"రెడ్‌మండ్ పంపండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరుకుతుంది."

"హెచ్-వన్ వీసా లేకుండానా?" అని దగ్గుతూ నవ్వారు.

ఆయన పోవడానికి ముందు ఆదివారం ఆ రేవులోనే కూర్చున్నాం. నీళ్ళవైపు చూస్తూ చెప్పారు. "వాడు ఇంట్లో ఉండగా అవతలి ఒడ్డు నుంచి ఎవరో ఆపదలో కేకేశారు. బూట్లు తొడుక్కునే వ్యవధి లేదు. వట్టికాళ్ళతో పరిగెత్తి పడవ తీశాడు."

"చేరాడా?"

"ఆలోచించాలి. వచ్చేవారం చెప్తా."

అంత్యక్రియలయ్యాక మళ్ళీ ఆదివారం వచ్చింది. ఇంట్లో ఉండలేక ఒక్కణ్ణే రేవుకు వెళ్ళాను. నది మీద పొగమంచు. అవతలి ఒడ్డు లేనే లేదు. గాలి లేదు, పడవలు లేవు. అయినా అటు నుంచి చిన్న చిన్న అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి నా ముందు రాళ్ళను తాకుతున్నాయి, అక్కడ ఎవరో ఇప్పుడే నీళ్ళలోంచి ఒడ్డెక్కినట్టు.