పడవ మధ్యలో ఖాళీ జాగా

మా బాబాయికి ఒకటే పిచ్చి. తన పడవ మధ్యలో ఎవర్నీ కూర్చోనివ్వడు. మనుషుల సంగతి సరే, సంచీ కూడా పెట్టనివ్వడు.

పడవేమో చిన్నది. అవతలి ఒడ్డున పనులకు వెళ్లే టీచరమ్మ, దర్జీగారు, నాన్న, నేను, అందరం రెండు పక్కలా అంచు బల్లల మీద, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కాకుల్లా కూర్చునేవాళ్లం. మధ్యలో మాత్రం ఓ మనిషి కాళ్లు బారచాపుకుని పడుకునేంత జాగా! ఒకప్పుడు అక్కడ మెత్తలు వేసిన బల్లలుండేవి. ఓ రోజు వాటిని విప్పి అవతల పారేశాడు మహానుభావుడు.

"ఎవరి కోసంరా ఆ ఖాళీ? మహారాజుగారేమైనా వస్తున్నారా?" అని మా నాన్న రోజూ దెప్పేవాడు. ఆయనది ఆరడుగుల విగ్రహం. ముడుచుకు కూర్చునే శిక్ష ఆయనకే ఎక్కువ.

"వస్తే రానీ అన్నయ్యా. నువ్వు కాళ్లు లోపలికి తీసుకో."

ఒకసారి టీచరమ్మ అక్కడ గొడుగు పెట్టింది. బాబాయి నడినీళ్లలో ఇంజను ఆపేసి చేతులు కట్టుకున్నాడు. గొడుగు ఆవిడ ఒళ్లోకి చేరాకే పడవ కదిలింది.

"నీ మొండితనం తగలెయ్య! ఆఫీసులో నా చీవాట్లు నువ్వు తింటావా?" అని అరిచాను. నవ్వుతూ చుక్కాని తిప్పాడు.

ఓ పొద్దున, సగం దూరం వెళ్లాక, నాన్న మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కకు ఒరిగిపోయాడు. పిలిస్తే పలకలేదు. ఊపిరి ఆడటం లేదు.

"మధ్యలో పడుకోబెట్టండి!" బాబాయి అంత గట్టిగా అరవడం ఎప్పుడూ వినలేదు. "టీచరమ్మా, చుక్కాని పట్టుకోండి, నేరుగా రేవుకే! దర్జీగారూ, అంబులెన్సుని రేవుకి రమ్మనండి. మిగతావాళ్లు లేవద్దు, పడవ ఒరుగుతుంది!"

నాన్న ఆ జాగాలో తలనుంచి పాదాల దాకా సరిగ్గా సరిపోయాడు. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి వెలగలేదు.

బాబాయి మోకాళ్ల మీద కూర్చుని, చేతి మీద చెయ్యి వేసి, రొమ్ము మధ్యలో నొక్కడం మొదలుపెట్టాడు. గట్టిగా, వేగంగా, ఆపకుండా. అలసిపోగానే నా చేతులు లాగి అక్కడ పెట్టాడు. "మెత్తగా కాదే! పిండి పిసుకుతున్నావా? నొక్కు!" మళ్లీ తను, మళ్లీ నేను. ఇన్నాళ్లూ పిచ్చివాడనుకున్న మనిషిని చూసి నోరెళ్లబెట్టాను. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది గానీ, చేతులు ఖాళీగా లేవు.

రేవులో అంబులెన్సువాళ్లు కరెంటు షాకిచ్చారు. నాన్న గుండె మళ్లీ కొట్టుకుంది.

"ఇందుకేనని ముందే చెప్పొచ్చుగా బాబాయ్?" అన్నాను ఆసుపత్రి వరండాలో.

"గుండె ఆగితే పడుకోబెట్టడానికని చెబితే ఒక్కడైనా పడవెక్కుతాడటే? మెత్త మీద నొక్కితే లాభం లేదని, పడవవాళ్లకిచ్చిన ప్రథమ చికిత్స శిక్షణలో చెప్పారు. అందుకే బల్లలు తీసేశా. మనందరిలోకీ పొడుగువాడు అన్నయ్యేగా, ఆయన పొడుగుకే కొలిచా."

నాన్నకి తెలివొచ్చాక, ఆ నొక్కుళ్లకి పక్కటెముకలు రెండు విరిగాయని డాక్టరు చెప్పాడు. ఆ మాట వినగానే బాబాయి తలుపు చాటుకు జారుకున్నాడు.

"ఎక్కడే వాడు? లోపలికి రమ్మను," అన్నాడు నాన్న పీలగొంతుతో.

బాబాయి తలొంచుకుని వచ్చాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"చిన్నప్పుడు నేను కొట్టిన దెబ్బలన్నీ ఒక్కసారే తీర్చుకున్నావు కదరా!"

బాబాయి కళ్లు తుడుచుకున్నాడు.

"సగం కూడా తీరలేదన్నయ్యా. త్వరగా లేచి రా."