అవ్వను తుడిపేసిన వీడియో

అనంతపురంలో పిల్లలకు విజువల్ ఎఫెక్ట్స్ నేర్పిస్తాను. ఒకసారి సినిమా కోసం గుత్తి కోట గుట్టను కంప్యూటర్‌లో తుడిపేశాననీ, తిరిగి పెట్టడం మరిచిపోతే, గుత్తి ఇంకా రాలేదనుకుని రైలు డ్రైవర్లు ఆపకుండా పోయారనీ మొదటిరోజే చెబుతాను. ఎవరూ నమ్మరు కానీ పని గుర్తుంటుంది. స్టూడియోల్లో కొత్తవాళ్లకు ముందుగా ఇచ్చేది తుడిపే పనే మరి. కరెంటు తీగలు, అడ్డొచ్చిన మనుషులు.

గుత్తి అమ్మాయి ఒకతె ఈ పనిని గట్టిగా పట్టుకుంది. ఉద్యోగానికి హైదరాబాదు స్టూడియోకు పంపాల్సిన నమూనా వీడియో కోసం తమ వాకిలినే తీసింది. అరుగు మీద వాళ్ల అవ్వ వేరుశనగ కాయలు వలుస్తోంది. అమ్మాయి అవ్వను తుడిపేసింది. ఖాళీ అరుగు మిగిలింది. మురిసిపోయి, ఆ వీడియోను ముందుగా అవ్వకే చూపించింది.

ఆ పూట నుంచి అవ్వ అన్నం ముట్టలేదు. ఇంట్లోవాళ్లు అమ్మాయిని క్లాసుకు పంపడం మానేశారు. వీడియో పంపడానికి ఒక్కరోజే మిగిలింది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని గుత్తి బస్సెక్కాను.

మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. అవ్వ అరుగు మీదే కూర్చుని, తన మోకాలిని తానే తడుముకుంటోంది.

"ఏమప్పా, మనుషుల్ని మాయం చేసే సారు నువ్వేనా?"

"అవ్వా, కాకి తలమీద తన్నితే ఏం చేస్తాము? మనిషి పోయిందని చుట్టాలకు ఉత్త కబురు పంపుతాము. వాళ్లు ఏడిస్తే గండం పోతాది. ఇదీ అంతే. నేను తుడిపేసిన రాయదుర్గం తాతకు బోసినోట్లో మళ్లా పండ్లు మొలిచినాయి."

"నీ నోట్లో మన్ను పడ!" అంటూ నవ్వింది.

అమ్మాయి కూడా వచ్చి పక్కన కూర్చుంది. ధైర్యం చేసి ఆమె వీడియో మళ్లీ నడిపించాను. నా నవ్వు ఆగిపోయింది. అరుగు ఖాళీగానే ఉంది. కింద నేల మీద మాత్రం కూర్చున్న మనిషి నీడ, చేతులు కదుపుతూ, కాయలు వలుస్తోంది. అమ్మాయి నీడను తుడపడం మరిచిపోయింది.

"ఇట్లా పంపితే ఉద్యోగం రాదు" అన్నాను.

అమ్మాయి మౌస్ అందుకోబోయింది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అదన్నా ఉండనీ పాపా."

"వద్దులే అవ్వా. వేరేది చేసి పంపుతా."

"ఒక్క దినంలో యాడ నుంచి తెస్తావు?" అవ్వ చాలాసేపు తెర వైపే చూసింది. తర్వాత చెయ్యి వదిలేసింది. "తుడిపేయి. నేను లోపలికి పోతా."

సాయంత్రం దాకా అమ్మాయి ఆ నీడను కొంచెం కొంచెంగా చెరిపింది. వీడియో పంపాక, "అయిపాయనా?" అని లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది. అయిపోయిందంటే, అన్నం పెట్టించుకుని తిన్నది.

అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. మొన్న ఫోన్ చేసినప్పుడు అవ్వ ఎలా ఉందని అడిగాను.

"బాగానే ఉండాది సార్. కానీ అరుగు మీదికి రాదు. పెరటి తలుపు నుంచే తిరుగుతాండాది. ఎందుకవ్వా అంటే, ఆడ నేను లేను కదా అంటాది."