సీసం కళాయి

ఈ సంగతి ఇన్నేళ్లూ నా కడుపులోనే కుళ్లింది. పెళ్లానికి చెప్పలేదు. దేవుడికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకు, ఒళ్లు మండుతుంది.

మన్యంలో తెల్లదొరల మీద లేచిన ఫితూరీ అణిగిన మరుసటేడు పాడేరు సంతలో ఇత్తడి సామాను కొట్టు పెట్టాను. రాగిలో యశదం కలిపితే ఇత్తడి. చూడ్డానికి బంగారం, సుత్తి కింద సాగుతుంది, తుప్పు పట్టదు. పులుపు మాత్రం దానికి పడదు, చిలుమెక్కి విషమవుతుంది. అందుకే లోపల తగరంతో కళాయి పూత వేస్తారు. తగరం ప్రియం, సీసం చవక, కానీ అదీ పులుపుకు కరిగి విషమవుతుంది. నేను సీసం కలిపి వేశాను. గుడ్డతో రుద్దితే నల్లగా అంటుకునే కళాయి అది. మైదానం ఆడవాళ్లు రుద్ది చూడందే గిన్నె కొనరు. కొండవాళ్లకు ఆ అలవాటు లేదు. వాళ్ల మట్టికుండల్ని వెక్కిరించి మరీ నా గిన్నెలు అంటగట్టాను. మా ఇంటి గిన్నెలకు మాత్రం అచ్చమైన తగరమే వేయించుకున్నాను. నా అంత నీచుడు ఉంటాడా? ఉంటాడులే, సంతనిండా నాలాంటి పెద్దమనుషులే.

ఒక సంతనాడు ఒకడు నా దగ్గర కొన్న గిన్నె పట్టుకొచ్చాడు. చోడి అంబలి, అదే రాగిపిండి జావ, రాత్రంతా అందులోనే పులియబెట్టి పొద్దున్నే తాగుతున్నారట.

"సావుకారు బావూ, పిల్లలిద్దరికీ ఒకటే కడుపునొప్పి. దీన్లో ఏటైనా ఉందేటి?"

"నా గిన్నిలో ఏటుంటాదిరా? మీ ఊల్లో ఎవులైనా సిల్లంగి ఎట్టారేమో సూసుకో, పో."

చిల్లంగి అంటే చేతబడి. కొండల్లో ఆ మాట ఊరికే పోదు. పళ్లుంటేనే మంత్రం పలుకుతుందని, అనుమానం వచ్చినవాళ్ల పళ్లు రాలగొడతారు. నాకు తెలియదా? తెలుసు. తెలిసే అన్నానా, నోరు జారిందా అని ఎన్నిసార్లు అడిగినా, అది నన్ను నేను తప్పించుకోవడానికి వేసుకునే ప్రశ్నే, ఎందుకంటే అప్పుడు నాకు నా బేరం తప్ప ఏదీ కనబడలేదు.

వాళ్ల పక్కింటి ముసలమ్మ పళ్లు రాయితో రాలగొట్టారు. పిల్లల్లో చిన్నది ఎలాగూ చచ్చిపోయింది. దానికీ ముసలమ్మే కారణమని ఊళ్లోంచి తరిమేశారు. సంతలో అడుక్కుని బతికేది.

ఒకరోజు నా కొట్టు ముందు చెయ్యి చాపింది. నీ తప్పేమీ లేదని ఒక్కమాట చెబితే పోయేది. చెప్పలేదు, పిరికి వెధవని. అప్పుడు నా ఒళ్లో కూతురుంది. ముసలమ్మ పిల్లను చూసి, గబుక్కున కొంగుతో తన కళ్లు కప్పుకుని వెనక్కి నడిచింది. తన చూపు నా బిడ్డకు తగులుతుందని భయపడింది. తానే చేశానని ఆమె కూడా నమ్మేసింది.

ఆమె చెయ్యలేదు. నేను చేశాను. ఇన్నాళ్లకు పైకి అన్నాను.