ఖాళీ గడిలో నీళ్ళు

2022 జూన్‌లో మొదలైంది ఈ వ్యవహారం. కడప జిల్లాలో ఒక విద్యాసంస్థ. పేరు చెప్పను, చెప్పి ఎవరినీ ఉద్ధరించేది లేదు. అక్కడి కంప్యూటర్ సెంటరులో నేను టెక్నికల్ అసిస్టెంటును. రోజూ సిమెంటు ఫ్యాక్టరీలున్న ఎర్రగుంట్ల నుంచి బస్సులో వస్తాను. చొక్కా మీది సిమెంటు దుమ్ము దులుపుకొని కుర్చీలో కూర్చునేసరికి పది కావస్తుంది. పరిశోధన చేసే పిల్లలకు సైంటిఫిక్ సాఫ్ట్‌వేర్లు ఎక్కించి ఇవ్వడం, వాటిని ఎలా వాడాలో రాసివున్న పుస్తకం ఎక్కడుందో చూపించడం, అర్థం కాకపోతే కూర్చుని చెప్పడం, ఇదీ నా ఉద్యోగం. ఆ పుస్తకాన్నే మేము డాక్యుమెంటేషన్ అంటాం.

ఇది కూడా ఒక ఉద్యోగమేనా అని మా బంధువులే నవ్వుతారు. నవ్వనీండి. సాఫ్ట్‌వేరు మన మనసులో ఏముందో అడగదు. మనమిచ్చిన ప్రతి అంకెనూ, ఇవ్వని అంకెను కూడా, తన పద్ధతిలో తాను అర్థం చేసుకుంటుంది. ఆ పద్ధతి ఏమిటో డాక్యుమెంటేషన్‌లో మాత్రమే ఉంటుంది. అదేమో ఇంగ్లీషులో, ఆరువందల పేజీలు, ముందే తెలిసినవాళ్ళ కోసం రాసినట్టుంటుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు దాన్ని తెరిచి, రెండు పేజీలు చూసి, "ఇది నాతో అయ్యేది కాదు సార్" అని మూసేస్తారు. వాళ్ళ ముఖాలు చూసి చూసి నాకు విసుగొచ్చింది.

అందుకని 2018లో నేనే ఒక కాగితం రాశాను. బావుల్లో నీటిమట్టాలను లెక్కగట్టే సాఫ్ట్‌వేరుకు నాలుగు పేజీల్లో, ఇరవై స్టెప్పుల్లో, పచ్చి తెలుగులో. ఇక్కడ నొక్కు, ఇది నింపు, ఇది వదిలెయ్, అంతే. ఆ కాగితానికి వచ్చిన పేరు ఇంతా అంతా కాదు. గేటు ఎదుట జిరాక్సు షాపులో కట్టలు కట్టి పెట్టుకున్నారు. కర్నూలు నుంచి కూడా పిల్లలు వచ్చి "చౌడప్ప సార్ కాగితం ఉండాదా?" అని అడిగి తీసుకుపోయేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది, ఎందుకు దాచాలి? అసలు పుస్తకం ఎవరైనా అడిగితే, "అది నీకెందుకమ్మా, ఈ కాగితం పట్టుకుపో" అనేవాణ్ణి. పుస్తకం చూపించడమే నా ఉద్యోగమని అప్పుడు గుర్తు రాలేదు.

ఎస్తేరు అనే అమ్మాయి 2022 జూన్‌లో నా దగ్గరికి వచ్చింది. కర్నూలు జిల్లాలో, వానలు అంతంతమాత్రమైన కోసిగి దగ్గర పల్లె. భూగర్భజలాల మీద పీహెచ్‌డీ, చేరి అప్పటికే నాలుగేళ్ళు. వాళ్ళ ఊరి చుట్టుపక్కల వాగులకు అడ్డంగా చెక్‌డ్యాములు కట్టాక బావుల్లో నీళ్ళు పెరిగాయా లేదా అన్నది ఆమె ప్రశ్న. ఐదు బావుల కొలతలు ఆమె దగ్గర ఉన్నాయి. డ్యాములు కట్టకముందువి ప్రభుత్వ రికార్డుల్లోవి, ఖాళీలు లేనివి. కట్టాక పది రోజులకొకసారి టేపు దించి కొలిచి నోటుపుస్తకంలో రాసింది వాళ్ళ నాయన దావీదు. కూలి మనిషి. కుదురైన రాత.

నోటుపుస్తకంలో ప్రతి ఏడాదీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా గీతలు గీసి ఖాళీగా వదిలేసి ఉన్నాయి. ఆ పేజీల పైన "ఊర్లో లేము" అని రాసి ఉంది.

"ఇదేందమ్మా?" అన్నాను.

"సుగ్గికి పోతాం గదా సార్. గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపను. ఇంటికి బీగమేసి అందరం పోతాం. అప్పుడు కొలిచేటోళ్ళు ఎవురుంటారు సార్?" అంది.

సుగ్గి అంటే ఆ పక్క పల్లెల్లో కూలికోసం మూటాముల్లె సర్దుకుని వలస పోవడం. ఎస్తేరు కూడా పదో తరగతి దాకా ఏటా ఆ నాలుగు నెలలు బడి మాని పోయిందట. కోడుమూరు వైపు ఒక కాలేజీలో ఆమెను లెక్చరర్‌గా తీసుకుంటామన్నారు, డిగ్రీ చేతికొస్తేనే అన్నారు. "నాకు ఆ ఉద్యోగం వొచ్చెనంటే మా అమ్మానాయన సుగ్గికి పోవడం నిలిపేస్తా సార్. మా నాయనకు నడుము శానా నొప్పి. ఇంగ వొంగలేడు" అంది. ఆమె పీహెచ్‌డీ వెనక ఉన్నది ఇదొక్కటే. నాకు మొదటి రోజే తెలుసు.

నా కాగితం ఇచ్చాను. ఏడో స్టెప్పులో "కొలత లేని చోట గడి ఖాళీగా వదిలెయ్" అని ఉంటుంది. అలాగే వదిలేసింది.

కొన్ని నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. చేతిలో ఒక గ్రాఫు. "సార్, ఏమనుకోవద్దు. ఎండాకాలంలో నీళ్ళు పైకొచ్చినట్ల చూపిస్తాండాది. మా ఊర్లో అట్ల ఉండదు సార్."

ఆ రోజు నా బల్ల ముందు పదిమంది నిలబడి ఉన్నారు. గ్రాఫు వంక ఒక చూపు పారేశాను. గీత మీద అక్కడక్కడా ముళ్ళలాగా పైకి లేచి ఉన్నాయి. "ఏం కాదమ్మా. ఇట్లాంటివి వస్తుంటాయి. పదకొండో స్టెప్పు చూడు, స్మూతింగ్ పెట్టుకో, పోతాయి" అన్నాను. స్మూతింగ్ అంటే గీతలోని ఎగుడుదిగుళ్ళను చుట్టుపక్కల అంకెలతో సగటు చేసి నున్నగా చేయడం.

"అది గాదు సార్, అసలు ఎందుకొస్తాండాది అని..."

"స్టెప్పులు తప్పకుండా చేసినావా లేదా?"

"చేసినా సార్."

"మరింకేంది? పో, పోయి పని చూసుకో."

పోయింది. ముళ్ళు కనిపించకుండా పోయాయి. డ్యాములు కట్టాక నీటిమట్టం మెరుగైనట్టు నున్నటి గీత వచ్చింది. ఆమె గైడు సంతోషపడ్డాడు. చెక్‌డ్యాములు పనిచేశాయి అని థీసిస్ రాసి ముగించారు.

2024లో వైవా. అంటే బయటినుంచి వచ్చిన పరీక్షకుడు అందరి ముందూ ప్రశ్నలడిగే రోజు. పొడిగింపులన్నీ అయిపోయి, ఆమె గడువుకు అదే చివరి నెల. ప్రొజెక్టరు దగ్గర కంప్యూటరు నడిపే పని నాది. దావీదు తెల్లచొక్కా వేసుకుని, భార్యతో వెనక వరసలో కూర్చున్నాడు. భార్య ఒడిలో బైబిలు పెట్టుకుని ఉంది. ఎస్తేరు గంటసేపు బాగా చెప్పింది. పరీక్షకుడు పెద్దాయన, నిదానస్తుడు. అంతా విని, "ఒకసారి ఆ స్మూతింగ్ తీసేసి చూపించండి" అన్నాడు.

మౌసు నా చేతిలోనే ఉంది. నేనే నొక్కాను.

తెర మీద ముళ్ళన్నీ లేచాయి. డ్యాములు కట్టాక ప్రతి ఏడాదీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా గీత నేరుగా పైకి పోయి సున్నాకు అంటుకుని ఉంది. నేల మీది నుంచి ఎంత లోతులో నీళ్ళున్నాయో చెప్పే లెక్క అది. సున్నా అంటే నీళ్ళు నేల అంచు దాకా వచ్చినట్టు.

"నాలుగు నెలలు బావులు నిండుగా ఉన్నాయన్నమాట. వంగి చేత్తో ముంచుకోవచ్చు. అదీ ఎండాకాలంలో, కోసిగిలో. నిజమేనా అమ్మా?" అన్నాడు. ఎగతాళి లేదు ఆయన గొంతులో, అదే మరీ ఘోరం.

ఎస్తేరు తెర వంక చూసింది. "లేదు సార్. ఆ నెలల్లో మేము ఊర్లో ఉండం" అంది.

ఏం జరిగిందో ఆ క్షణానే తెలిసిపోయింది. 2021 సెలవుల్లో ఆ సాఫ్ట్‌వేరు కొత్త వర్షన్‌ను అన్ని కంప్యూటర్లలోనూ ఎక్కించింది నేనే. పాత వర్షన్ ఖాళీ గడిని వదిలేసి ముందుకు పోయేది. కొత్తది అలా చేయడం లేదు, ఖాళీని సున్నాగా తీసుకుంటోంది. జనం నీళ్ళు లేక ఊళ్ళు వదిలిపోయిన నెలల్లో బావులు పొంగి పొర్లుతున్నాయని లెక్కగట్టింది.

ఆమె నా వైపు తిరిగి, "ఈయన రాసిచ్చిన కాగితం ప్రకారమే చేసినా" అనొచ్చు. అనలేదు. కనీసం నా వైపు చూడలేదు. నేను లేచి చెప్పొచ్చు. నేనూ లేవలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసు, పేరు, అందరి ముందూ పరువు, ఇవన్నీ నన్ను కుర్చీకి అదిమిపెట్టాయి. సిగ్గులేని మనిషిని, ఇంకేం చెప్పను.

బయట వరండాలో దావీదు నా దగ్గరికి వచ్చాడు. చేతిలో ఆ నోటుపుస్తకం. "సార్, నాదే తప్పంటారా? నేను అబద్ధం రాయలే సార్. కొలవంది కొలిచినట్ల యాడా రాయలే. ఖాళీగానే ఇడిసిపెట్టినా. ఏమీ రాయకుంటే ఏమీ తెలీదనే గదా సార్ అర్థం?"

"అవునప్పా" అన్నాను.

"ఎవురినన్నా ఒక మనిషిని ఊర్లో పెట్టి పోయింటే బాగుండు. తెలీకపాయ సార్. పాప బతుకు నేనే చెడగొడితి."

"లేదప్పా, నీది కాదు" అన్నాను. మరి ఎవరిది అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ఈ రోజుకూ చెప్పలేదు.

మర్నాడు సెంటరుకు వచ్చి అసలు డాక్యుమెంటేషన్ తెరిచాను. మూడేళ్ళుగా నా డెస్క్‌టాప్ మీదే ఉన్న ఫైలు అది. కొత్త వర్షన్‌తోబాటు రిలీజ్ నోట్స్ అని ఒక అధ్యాయం ఇస్తారు, పాతదానికీ దీనికీ ఏం మారిందో చెప్పేది. వెతకాల్సిన పనే లేకపోయింది. మొదటి పేజీలో, రెండో పేరాలో, నలుపు పెట్టె కట్టి మరీ రాశారు. ఖాళీ గడులు ఇకపై సున్నాగా పరిగణించబడతాయి, కొలత లేనిచోట మైనస్ తొమ్మిదివందల తొంభైతొమ్మిది అని నింపండి అని. అర నిమిషం చదువు. మా నాయన మగ్గం నేసేవాడు, ఒక పోగు తెగితే మగ్గం ఆపి ముడేసి గానీ ముందుకు పోయేవాడు కాదు. ఆయన కడుపున పుట్టి నేను మూడేళ్ళు ఆ పేజీ తిప్పలేదు.

ఆమె ఫైలు తీసి ఖాళీల్లో ఆ అంకె నింపి మళ్ళీ నడిపాను. పది నిమిషాల పని. మెరుగైన గీత మెరుగు కోల్పోయింది. చెక్‌డ్యాములకు ముందూ వెనకా నీళ్ళు ఒక్కలాగే ఉన్నాయి, ఒక బావిలో ఇంకా దిగిపోయాయి. అంటే థీసిస్ మొత్తం తిరగరాయాలి. వైవా కమిటీ కూడా అదే చెప్పింది. కానీ గడువు లేదు.

మూడు వారాలు మథనపడి, చివరికి కమిటీకి ఉత్తరం రాశాను. తప్పు నా కాగితానిది, ఆ అమ్మాయికి ఇంకొక ఏడాది ఇవ్వండి అని. జవాబు రెండే వాక్యాలు. మీ నిజాయితీకి ధన్యవాదాలు. అయితే డాక్యుమెంటేషన్ చదివి అర్థం చేసుకోవలసిన బాధ్యత పరిశోధకురాలిదే.

ఎస్తేరుకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను, ఉత్తరంతో సహా. "పోనీండి సార్, మీరు మాత్రం కావాలని చేసినారా" అంది. తిట్టింటే బాగుండేది. కోడుమూరు కాలేజీవాళ్ళు వేరే ఎవరినో తీసుకున్నారట. మరుసటి జనవరిలో ఇంకోసారి ఫోన్ చేశాను. వెనక లారీ మోత, పిల్లల ఏడుపు. "గుంటూరుకు పోతాండాం సార్. నాయన వొంగలేడు గదా, ఆయన మిరప సాలు నేను పట్టాల" అంది. సిగ్నలు పోయింది.

ఇప్పుడు నేను కాగితాలు ఇవ్వను. ఎవరు వచ్చినా పక్కన కుర్చీ వేసి, అసలు పుస్తకం తెరిచి, ఏం మారిందో ఆ పేజీతో మొదలుపెడతాను. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పిస్తాను. గ్రాఫు మీ ఊరికి సరిపోకపోతే గ్రాఫును నమ్మొద్దు, ఊరిని నమ్మండి, వచ్చి నా ప్రాణం తీయండి అంటాను. పిల్లలు గడియారం చూసుకుంటారు. పావుగంట కూర్చుని, "మళ్ళీ వస్తాం సార్" అని పోతారు. ఎక్కడికి పోతారో నాకు తెలుసు. జిరాక్సు షాపువానికి ఎన్నిసార్లు చెప్పినా, "నేను ఆపితే ఇంకో అంగట్లో తీసుకుంటారప్పా" అంటాడు. కాగితం నేను రాయగలిగాను, వెనక్కి తీసుకోవడం నా చేతిలో లేదు. ఈ వ్యవహారం నాకు నేర్పింది అదే, అదీ ఎవరికీ పనికిరాని సమయానికి.

పోయిన నెల ఒక కొత్త అమ్మాయి ఆ కాగితం పట్టుకుని వచ్చింది. జిరాక్సుకు జిరాక్సు తీసి అక్షరాలు సగం మాసిపోయి ఉన్నాయి. ఏడో స్టెప్పు పక్కన మార్జిన్‌లో చేత్తో రాసింది కూడా అచ్చయి వచ్చింది. రాత ఎస్తేరుది. తన ప్రతిని ఎవరో జూనియర్‌కు ఇచ్చినట్టుంది, షాపులో దాన్నే పెట్టుకుని తీస్తున్నారు. నేను అద్దాలు పెట్టుకుని చదివాను.

"ఖాళీ అంటే ఇది ఏమనుకుంటాది? సార్‌ను అడగాల."

దాని కింద, అదే చేతిరాతలో: "అడిగినా. ఏం కాదన్నారు."