సైరన్ల మధ్య చూసిన కామెడీ

నిన్న ఖోబర్‌లో మా అమ్మాయి పాత హాలీవుడ్ నలుపు తెలుపు కామెడీ చూస్తూ పడీ పడీ నవ్వుతుంటే, దమ్మామ్‌లోని మా చిన్నప్పటి ఫ్లాట్ గుర్తొచ్చింది.

గల్ఫ్ యుద్ధం రోజుల్లో ఇక్కడ పెరిగినవాళ్లు మర్చిపోయి ఉండరు, విషవాయువు లోపలికి రాకుండా కిటికీలకి అంటించిన బ్రౌన్ టేపు వాసన, తలుపు కింద కుక్కిన తడి తువ్వాళ్లు. సైరన్లు మొదలయ్యాక అమ్మ మాట్లాడటమే తగ్గించేసింది. ఒక సాయంత్రం సైరన్ మోగగానే నలుగురం లోపలి గదిలోకి చేరాం. తమ్ముడు ఏడుస్తుంటే నాన్న వీసీఆర్‌లో ఇలాంటి కామెడీయే పెట్టి, బయటి చప్పుడు వినపడాలని సౌండ్ తీసేశారు. ఎక్కడో ఏదో పేలింది. కిటికీ అద్దాలు అదిరాయి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, కళ్లు మాత్రం తెర మీదే ఉన్నాయి.

చాలాసేపటికి ప్రమాదం తప్పిందని మళ్లీ సైరన్ మోగింది. అప్పుడు తెర మీద ఒక సర్వర్ తలకంటే ఎత్తుగా ప్లేట్లు పేర్చుకుని తూలుతూ నడుస్తున్నాడు. నాన్న టీవీ కట్టేయడానికి లేచారు.

"ఉండండి," అంది అమ్మ. "అవి పడతాయో లేదో చూడనివ్వండి."

అన్నీ పడ్డాయి. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. నాన్న క్యాసెట్ వెనక్కి తిప్పి, ఆ సీను మళ్లీ పెట్టారు.