బయటి నుంచి వచ్చిన ఇన్‌చార్జి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో యానాం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో నేను సూపర్‌వైజర్ని. తలలు తీసే బల్ల దగ్గర మొదలుపెట్టి, తొమ్మిదేళ్లలో సైజులవారీగా రొయ్యలు వేరుచేసే గ్రేడింగు బల్లలన్నీ చూసుకునే దాకా వచ్చాను. మా ఫ్లోర్ ఇన్‌చార్జి మానేసినప్పుడు, ఆ పని నాకేనని దరియాలతిప్ప నుంచి వచ్చే ఆడవాళ్లు ముందుగానే స్వీట్లు అడిగారు. కంపెనీ మాత్రం భీమవరం నుంచి ఒకాయన్ని తీసుకొచ్చింది.

తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లాను.

"నాలో తక్కువేంటండి?"

"తక్కువేం లేదమ్మా. నిన్ను అక్కణ్ణించి తీస్తే గ్రేడింగు ఎవరు చూస్తారు? నువ్వు లేకపోతే ఆ బల్లలు నడవవు కదా!"

పొగిడాడనుకుని బయటికొచ్చాను. చేతులు కడుక్కుంటుంటే అర్థమైంది. పని బాగా చేసినందుకే నన్ను అక్కడ కట్టి పడేశారు.

కోపం వచ్చింది గాని ఏడుపు రాలేదు. కొత్తాయనకు పని చూపిస్తూనే, ఆయన రాసే రిజిస్టర్లు రాయడం నేర్చుకున్నాను. ఏడాది తిరక్కుండా తాళ్లరేవు వైపున్న మరో ఫ్యాక్టరీలో ఇన్‌చార్జి కావాలన్నారు. వెళ్లాను.

"ఏం చదివావమ్మా?"

"టెన్త్ అండి. రిజిస్టర్లు ఇంగ్లీషులోనే రాస్తాను. ఇప్పుడే రాసి చూపించమంటారా?"

రాయించారు. ఉద్యోగం ఇచ్చారు.

అక్కడ కనకాలపేట నుంచి వచ్చే సూపర్‌వైజరమ్మకు పదకొండేళ్ల సర్వీసు. మొదటి రోజు ఏప్రన్ ఎక్కడుందని అడిగితే, గోడకున్న మేకు వైపు గడ్డంతో చూపించింది.

"మీరొచ్చేసేరుగా, ఇంక మాకేం ఉంటదండి. ఆయ్, ఏం చెయ్యమంటారో చెప్పండి."

ఏడాది కిందట కొత్తాయనతో నేనూ ఇలాగే మాట్లాడాను. అయినా క్షమాపణ చెప్పలేదు. ఆ ఉద్యోగం నేను కష్టపడి తెచ్చుకున్నది. వారం రోజులు ఆవిడ పని చూసి, టీ దగ్గర చెప్పాను.

"మీ బల్ల చూసుకోడానికి ఇద్దర్ని తయారుచెయ్యండి."

"నన్ను తీసెయ్యడానికా అండి?"

"మిమ్మల్ని పైకి పంపడానికి. మీరొక్కరే చూస్తుంటే అక్కణ్ణించి లేవనివ్వరు. పాత ఫ్యాక్టరీలో నన్ను లేవనిచ్చేరా?"

నమ్మలేదు. నెల దాకా ఎవరికీ ఏమీ నేర్పలేదు. తర్వాత ఒకరోజు ఇద్దరు అమ్మాయిల్ని పక్కన నిలబెట్టుకుంది. ఆ వారంలోనే రిజిస్టర్లు రాయడం కూడా చూపించమని నన్నడిగింది.

రెండేళ్లకు రెండో షిఫ్టు పెట్టారు. దానికి ఇన్‌చార్జిగా కాకినాడ నుంచి ఎవరినైనా తెద్దామన్నాడు అక్కడి మేనేజరు.

"బయట వెతకక్కర్లేదండి. ఆవిడున్నారు."

"మరి ఆవిడ బల్ల?"

"చూసుకోడానికి ఇద్దరున్నారండి."

ఆవిడకే ఇచ్చారు. మేమిద్దరం స్నేహితులం మాత్రం కాలేదు. రెండు షిఫ్టులకూ రిజిస్టరు ఒకటే; రొయ్యలు నిల్వచేసే చలిగది టెంపరేచరు నేను రాయడం మరిచిన చోటల్లా ఆవిడ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేది. ఆవిడ మరిచిన చోట నేనూ ఊరుకునేదాన్ని కాదు.